తాళం వేసిందెవరు? డెట్రాయిట్ పాత బిల్డింగుల ఫొటోల గురించి కాసేపు

హోస్ట్: నమస్తే అందరికీ. ఈ వారం మనతో మాట్లాడుతున్న అన్న సొంతూరు వరంగల్, ఉండేది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో. వారమంతా కార్ల ఉద్యోగం, వీకెండ్ వస్తే ట్రైపాడ్ భుజాన వేసుకుని డెట్రాయిట్‌లో పాత బిల్డింగుల చుట్టూ తిరుగుతుంటారు. అన్నా, మా అమ్మ అడగమన్న ప్రశ్నే ముందు అడిగేస్తా. పాడుబడ్డ కొంపల ఫొటోలు గోడకి తగిలించుకోవడం అరిష్టం కాదా?

గెస్ట్: (నవ్వు) మా ఇంట్లోనూ అదే మాట. హాల్లోకి రానివ్వలేదు మా ఆవిడ, ఉంటే బేస్‌మెంట్‌లో పెట్టుకోమంది. కానీ జనం ఆ ఫొటోల ముందు ఎందుకు ఆగిపోతారంటే, బాగున్న బిల్డింగు తన లోపలి సంగతి ఏమీ బయటపెట్టదు. పెచ్చులూడినప్పుడే ఇటుక ఎట్లా పేర్చారో, పైపు ఎటు పోయిందో, పచ్చ రంగు కింద నీలం, దాని కింద ఇంకేదో, ఎన్నిసార్లు మార్చారో అన్నీ కనబడతాయి. ఫొటోగ్రాఫర్‌కి అది విందు భోజనమే, అందులో దాపరికం ఏం లేదు.

హోస్ట్: మరి డెట్రాయిటే ఎందుకు? పాడుబడ్డ బిల్డింగులు ఎక్కడైనా ఉంటాయి కదా.

గెస్ట్: ఉంటాయి, కానీ ఇంత పెద్దవి, ఇంత డబ్బు పోసి కట్టినవి, ఒకే ఊళ్లో ఇన్ని దొరకడం కష్టం. 1950లో ఆ ఊరి జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు, 2010 లెక్కల్లో ఏడు లక్షల చిల్లర. కార్ల ఫ్యాక్టరీలు ఊరి బయటకి పోయాయి, తెల్లవాళ్లు సబర్బులకి పోయారు, నల్లవాళ్లకి బ్యాంకులు ఇంటి లోన్లు ఇచ్చేవి కావు, వాళ్లు ఉండే పేటల మీదుగానే హైవేలు వేశారు. అంతా కలిసి 2013లో ఊరు ఊరే దివాలా పిటిషన్ వేసింది. మన తెలుగువాళ్లం ఇక్కడ చాలామందిమి ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి సబర్బుల్లోనే ఉంటాం, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి వారమే ఎవరో ఒకరు చెప్తారు, "డెట్రాయిట్ లోపలికి పోవద్దు, డేంజర్" అని. అట్లా చెప్పేవాళ్లలో సగం మంది ఆ ఊళ్లో ఒక్క టీ కూడా తాగి ఉండరు.

హోస్ట్: డెట్రాయిట్‌లో ఆ మూతబడ్డ రైల్వే స్టేషన్ ఫొటో నేనూ చూశా. అద్దాల్లేని కిటికీలతో, భూత్ బంగ్లాలా.

గెస్ట్: మిషిగన్ సెంట్రల్ స్టేషన్. 1913లో మొదలైంది, న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ కట్టిన ఆర్కిటెక్టులే దీన్నీ కట్టారు, వెనకాల పద్దెనిమిది అంతస్తుల టవరు. 1988 జనవరిలో ఆఖరి రైలు వెళ్లిపోయింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు రాగి తీగల దొంగలు, వాన నీళ్లు, మంచు, స్ప్రే పెయింట్ కుర్రాళ్లు, కెమెరాలు. డెట్రాయిట్ మీద ఏ వార్త వచ్చినా, అది కార్ల కంపెనీ నష్టాల గురించైనా సరే, పైన ఆ స్టేషన్ బొమ్మ ఉండాల్సిందే. సరిగ్గా ఆ టైంలో, 2010లో, రెండు పెద్ద ఫొటో పుస్తకాలు వచ్చాయి. ఒకటి ఈవ్ మార్షాన్, రొమేన్ మెఫ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచ్ కుర్రాళ్లది, ఇంకొకటి అమెరికన్ ఆండ్రూ మూర్‌ది. అందరివీ పెద్ద ఫిల్మ్ కెమెరాలు, నిదానంగా ముడత ముడత కనబడేట్టు తీసిన ఫొటోలు. కళగా చూస్తే వంక పెట్టలేవు, నేను వాటిని చూసే నేర్చుకున్నా.

హోస్ట్: కానీ ఊళ్లోవాళ్లు తిట్టారు కదా. రూయిన్ పోర్న్ అన్నారు, అంటే ఊరి శిథిలాల్ని కళ్లవిందుగా అమ్ముకోవడం అని.

గెస్ట్: తిట్టారు, తిట్టడంలో న్యాయం ఉంది. మూర్ తీసిన ఒక ఫొటో ఉంది, కాస్ టెక్ అనే హైస్కూల్లో గోడ గడియారం. దాని డయల్ వేడికి కరిగి కిందకి జారిపోయి, అంకెలు వంకర్లు తిరిగి ఉంటాయి. చూడగానే ఏమనిపిస్తుంది? ఈ ఊళ్లో చదువు కూడా చచ్చిపోయింది అనిపిస్తుంది. కానీ ఆ ఫొటో బయటికొచ్చే నాటికే కాస్ టెక్ పక్కనే కొత్త బిల్డింగులో నడుస్తోంది, పిల్లలు బ్యాగులేసుకుని రోజూ వస్తున్నారు. పాతదాన్ని 2011లో కొట్టేశారు. గడియారం ఫొటో అబద్ధం కాదు, పక్కనున్న బడి ఫ్రేములోకి రాలేదు, అంతే. ఆ "అంతే" దగ్గరే నాకు పేచీ. ముప్పావు వంతుకి పైగా నల్లవాళ్లున్న ఊరు, పుస్తకం తిరగేస్తే మనిషి దాదాపు కనబడడు. చూసేవాడికి ఏదో తుఫాను వచ్చి పోయింది అనిపిస్తుంది తప్ప, ఎవడో లెక్కలేసుకుని తాళం వేసి పోయాడని తట్టదు.

హోస్ట్: అయితే మనుషుల్ని నిలబెట్టి తీయాలంటావా?

గెస్ట్: అట్లా కాదు. ఎవరినో పట్టుకొచ్చి గోడ ముందు దిగులు మొహంతో నిలబెడితే అది ఇంకా ఘోరం. కామిలో హోసే వెర్గారా అని చిలీ నుంచి వచ్చినాయన, డెబ్భైల నుంచి అమెరికా ఊళ్లలో పేదవాళ్ల పేటల్లో తిరుగుతూ, ఒకే చోట నిలబడి ఒకే బిల్డింగుని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీశాడు. ఒక్క ఫొటో తీస్తే శిథిలం అవుతుంది, వరుసగా పది చూస్తే ఎప్పుడు షాపు మూశారు, ఎప్పుడు చర్చి అయింది, ఎప్పుడు చెట్టు మొలిచింది మొత్తం చరిత్ర అవుతుంది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. ఆయనే 1995లో డౌన్‌టౌన్ డెట్రాయిట్‌లో ఖాళీగా ఉన్న పాత స్కైస్క్రేపర్లని అట్లాగే శిథిలాల పార్కుగా వదిలేద్దాం, గ్రీసులో పాత గుళ్ల శిథిలాలున్న కొండలాగా అమెరికాకి ఒక అక్రోపోలిస్ ఉంటుంది అన్నాడు. ఊరంతా ఒంటికాలి మీద లేచింది! మేం ఇంకా బతికే ఉన్నాం కదయ్యా అని. అంత బాగా చూసిన మనిషే అట్లా అనడం నాకు ఇప్పటికీ వింతే.

హోస్ట్: నువ్వు తీసినవాటిలో ఒకటి చెప్పు. నీకు బాగా నచ్చింది.

గెస్ట్: మిషిగన్ థియేటర్. 1926లో కట్టిన సినిమా ప్యాలెస్, దాదాపు నాలుగు వేల సీట్లు. డెబ్భైల్లో మూతబడింది. పడగొడదామంటే దాన్ని ఆనుకుని ఉన్న ఆఫీస్ టవరుకి దెబ్బ తగులుతుందన్నారు, ఆ ఆఫీసులవాళ్లేమో మాకు పార్కింగ్ కావాలన్నారు. దాంతో లోపల సీట్లన్నీ తీసేసి మూడంతస్తుల కాంక్రీటు పార్కింగ్ కట్టేశారు. పై అంతస్తులో నిలబడి తలెత్తితే పూలు, నగిషీలు చెక్కిన ప్లాస్టర్ కప్పు, సగం రాలిపోయి లోపలి ఇనుప కడ్డీలు బయటపడి ఉంటుంది. స్టేజీ ముందు ఆర్చి అట్లాగే ఉంది. దాని కింద వరుసగా కార్లు. ఇంకో తమాషా, 1896లో హెన్రీ ఫోర్డ్ తన మొదటి బండిని తయారుచేసిన చిన్న షెడ్డు ఉన్న స్థలం అదే. షెడ్డు పోయి థియేటర్ వచ్చింది, థియేటర్ పోయి కార్లకి పార్కింగ్ అయింది. దీనికి నేను కొత్తగా కవిత్వం కలపక్కర్లేదు, ఆ పార్కింగ్ గీతలు, కార్లు ఫ్రేములోంచి తీసేయకుండా ఉంటే చాలు. చాలామంది కెమెరా పైకెత్తి కప్పు ఒక్కటే తీస్తారు, ఇన్‌స్టాలో బాగుంటుందని.

హోస్ట్: సరే, కొంచెం టెక్నికల్. లోపల చీకటి, కిటికీ దగ్గర ఎండ. ఎట్లా మేనేజ్ చేస్తావు?

గెస్ట్: ముందు మబ్బు పట్టిన రోజు చూసుకుంటా, అప్పుడు సగం సమస్య పోతుంది. ట్రైపాడ్ మీద, ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే జోరు, వంద, ఎపర్చర్, అంటే లెన్స్ కన్ను తెరుచుకునే కొలత, ఎనిమిదో పదకొండో, షటర్ ఒక్కోసారి పది సెకన్లకి పైగా తెరిచి ఉంటుంది. కదలకుండా ఒకటి కిటికీకి, ఒకటి గదికి, ఒకటి మూలల చీకటికి తీసి తర్వాత కలుపుతా. కలిపేటప్పుడే జనం చెడగొట్టేది. వెలుగునీ చీకటినీ తనే కలిపేసే హెచ్‌డీఆర్ బటన్ నొక్కి చీకటంతా లేపేసి, తుప్పుకి నారింజ రంగు పులిమి, గోడలన్నీ నూనె రాసినట్టు చేస్తారు. చీకటి గదిని చీకటిగానే ఉంచండి బాబూ. ఇంకోటి, కెమెరా లెవెల్‌గా పెట్టాలి. పైకి వంచితే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి, బిల్డింగు అసలే కూలేట్టుంది, మనం కూడా ఎందుకు కూల్చడం.

హోస్ట్: (నవ్వు) మన ఊళ్లలో ఇట్లాంటివి తీయాలనిపించలేదా?

గెస్ట్: మా వరంగల్లో ఆజంజాహి మిల్లు ఉండేది, 1934లో నిజాం పెట్టించిన బట్టల మిల్లు. 2002లో మూసేశారు. స్థలం అమ్మేశారు, బిల్డింగులు చాలావరకు కొట్టేశారు. మా వాడలో ముసలివాళ్లు ఇప్పటికీ మిల్లు సైరన్ బట్టి టైం చెప్పుకున్న రోజుల గురించి మాట్లాడతారు, ఏ షిఫ్టులో ఎవరు, ఎవరికి వీఆర్ఎస్ ఎంత వచ్చింది, అన్నీ నోటికి చెప్తారు. అక్కడ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టే డెట్రాయిట్ ఫ్యాక్టరీ ఫొటో కింద "టైమ్‌లెస్ బ్యూటీ" అని క్యాప్షన్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్యాకర్డ్ కార్ల ఫ్యాక్టరీనే తీసుకో, 35 లక్షల చదరపు అడుగులు, యాభైల్లో అక్కడ కార్లు చేయడం ఆపేశారు, 2022 నుంచి 2024 వరకు కూల్చుతూనే ఉన్నారు. ఏ కంపెనీ, ఏ ఏడు, ఎందుకు మూశారు, ఈ మూడు ముక్కలు క్యాప్షన్‌లో రాయడానికి ఏం రోగం?

హోస్ట్: స్టేషన్ ఇప్పుడు బాగుచేశారట కదా. మీ ఫొటోగ్రాఫర్లకి నష్టం!

గెస్ట్: పోనీ, ఆ నష్టం మాకే! 2018లో ఫోర్డ్ కంపెనీ కొన్నది, 2024 జూన్‌లో మళ్లీ తెరిచారు. వెయిటింగ్ హాలు కప్పులో 29 వేల పెంకులు ఉంటే, ఇన్నేళ్లు నానినా మార్చాల్సి వచ్చింది ఓ 1300 మాత్రమే, అప్పటి మేస్త్రీల పనితనం అట్లా ఉంది. గోడల మీది గ్రాఫిటీ కొంత కావాలనే ఉంచేశారు, అది మంచి పని. ఫోర్డ్ కొన్న కొత్తలో ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఎప్పుడో పోయిన స్టేషన్ గడియారం ఫలానా చోట గోడకి ఆనించి పెట్టాం, తీసుకుపోండి అన్నారట. వెళ్తే నిజంగానే ఉంది.

హోస్ట్: భలే! ఆఖరుగా, హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ఇప్పుడే మొదలుపెడుతున్నా, ఏ లెన్స్ కొనాలి అని.

గెస్ట్: ఉన్న లెన్స్ చాలు తమ్ముడూ. ఆ డబ్బుతో మందపాటి సోల్ ఉన్న బూట్లు, పీ100 ఫిల్టర్లున్న మంచి మాస్కు కొనుక్కో, పాత బిల్డింగుల్లో మేకులు, పావురాల రెట్ట, ఆస్బెస్టాస్ దుమ్ము ఉంటాయి. గోడ దూకొద్దు, ఒంటరిగా పోవద్దు. వాచ్‌మన్ ఉంటే ముందు ఆయనతో కూర్చుని చాయ్ తాగు. ఓనరు నంబరు ఆయన దగ్గరే ఉంటుంది, పర్మిషన్ ఆయన ద్వారానే వస్తుంది. రాకపోతే రోడ్డు మీద నుంచి తీయి, వచ్చే ఏడాది అదే చోట నిలబడి మళ్లీ తీయి.