మాంసం మానేశాం సరే, మరి కంచంలో ఏముంది?

అందరికీ నమస్కారమండి, బెజవాడ నుంచి మాట్లాడుతున్నా. మొన్న గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అక్కగారు వాయిస్ మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, కార్తీకమాసంలో నీసు మానేశాం, అయిపోయాక కూడా మళ్లీ మొదలెట్టలేదు, నాలుగు నెలలైంది, మీ బావగారి షుగర్ మాత్రం అక్కడే ఉంది, ఇంక ఎందుకీ శాకాహారం" అన్నారు. ఆ గొంతులో బాధ విని నాకు మనసు ఆగలేదండి, అందుకే ఈ వీడియో.

నేను ఆవిడని ఒకటే అడిగా, అక్కా, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తింటున్నారో చెప్పండి అని. పొద్దున నాలుగిడ్లీ, పదకొండింటికి టీ బిస్కెట్లు, మధ్యాహ్నం తెల్లన్నం, అందులోకి ఆవకాయ నెయ్యి, బంగాళాదుంప వేపుడు, సాంబారు, పెరుగన్నం, సాయంత్రం పునుగులు, రాత్రికి మళ్లీ అన్నమే. చూడండి, ఇందులో మాంసం ముక్క లేదు, కానీ కూరగాయ ఎంతుంది? ఆకుకూర ఎక్కడుంది? కోడి పోయిన చోటుకి ఇంకో గరిటె అన్నం వచ్చింది, అంతే జరిగింది. కోడికూర తినేవాళ్లని నేను ఏమీ అనట్లేదండి, ఎవరిష్టం వాళ్లది. కానీ శాకాహారం ఆరోగ్యం కోసం అనుకున్నప్పుడు, మానేసిన దానికన్నా దాని బదులు ఏం పెట్టుకున్నాం అన్నదే ముఖ్యం.

ముందు అన్నం సంగతి చూద్దాం. మనం తినే బీపీటీ 5204, అదేనండి సాంబ మసూరి, మన బాపట్ల వంగడమే, తప్పు దానిది కాదు, పాలిష్‌ది. మిల్లులో పైన తవుడు, చివర మొలక రెండూ పోతాయి, పీచు, బీ విటమిన్లు ఉండేది అందులోనే. ఆ తవుడేమో గేదెలకి పెడుతున్నాం, నూనె తీస్తున్నాం, మిగిలిన పిండిపదార్థం మనం తింటున్నాం. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అని ఒక డచ్ డాక్టరు ఏం చూశాడంటే, పాలిష్ బియ్యం తిన్న కోళ్లకి కాళ్లు పడిపోతున్నాయి, పాలిష్ పట్టని బియ్యం పెడితే మళ్లీ లేచి తిరుగుతున్నాయి. మనుషుల్లో కూడా కాళ్లు చచ్చుబడే బెరిబెరి జబ్బు గుట్టు అలా బయటపడింది, తవుడులో ఉండేది బీ1 అని తర్వాత తేలింది, 1929లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

అందుకని దంపుడు బియ్యం, లేకపోతే కనీసం సింగిల్ పాలిష్ తెచ్చుకోండి. మా ఇంట్లో మొదటి వారం నాన్నగారు కంచం పక్కకి నెట్టేశారండి, గట్టిగా ఉంది నమలలేనన్నారు, అప్పుడు అమ్మ రాత్రే నానబోసి, నీళ్లు ఎక్కువ పోసి, సగం మామూలు బియ్యం కలిపి వండింది, నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఒక జాగ్రత్త, ఈ బియ్యంలో తవుడు నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కవాసన వస్తుంది, పురుగు పడుతుంది, బస్తా తెచ్చుకోకుండా కొంచెం కొంచెం తెచ్చుకోండి. దంపుడు బియ్యం కదా అని కొండలా పెట్టుకున్నా లాభం లేదు. అన్నంలో కూర కలపడం కాదు, కూరలో అన్నం కలుపుకోవాలి.

ఇప్పుడు మన ఉలవచారు. ఉలవలు గంటల తరబడి ఉడికించి ఆ కట్టు తీసి చారు కాస్తాం, వెన్న వేసుకుని లొట్టలేసుకుంటూ తింటాం, మరి ఉలవలు? ఎద్దులకి! ప్రొటీను, పీచు ఎక్కువ ఉన్నది ఆ గింజలోనే కదండీ. ఆ ఉలవలకి తాలింపు పెట్టి, ఉల్లిపాయ, నిమ్మరసం వేసి గుగ్గిళ్లు చేసుకోండి, సాయంత్రం పునుగుల టైముకి అవి తినండి. అలాగే పెసరట్టు, పొట్టు తియ్యని పెసలు నానబెట్టి, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బుతాం, ఇంతకన్నా మంచి టిఫిను ఎక్కడుందండి, దాని మధ్యలో బొంబాయి రవ్వ ఉప్మా పెట్టకుండా ఉంటే చాలు.

రైతు బజారుకి పొద్దున్నే వెళ్తే తోటకూర, బచ్చలి, చుక్కకూర, మునగాకు అన్నీ తాజాగా దొరుకుతాయి. రోజూ ఒక ఆకుకూర పప్పు, ఒక కూర, వేపుడు కాకుండా. పప్పు ఎందుకంటే ప్రొటీనులో ఉండే లైసిన్ అనే భాగం బియ్యంలో తక్కువ, పప్పులో అది బాగా ఉంటుంది. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే సరిగ్గా పట్టదు. ఆవకాయ మానమంటే గుంటూరు వాళ్లు నన్ను ఊళ్లోకి రానివ్వరు, కానీ ఉప్పు రోజు మొత్తం మీద 5 గ్రాములు దాటకూడదు, పచ్చడి బద్ద చిన్నది వేసుకోండి.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. బీ12 అనేది ఆకుల్లో, గింజల్లో, పప్పుల్లో ఉండదు. పాలు, పెరుగు తీసుకోవాలి, అవి కూడా మానేస్తే టాబ్లెట్ తప్పదు. పైగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బీ12 ఇంకా తగ్గొచ్చు, కాళ్లు తిమ్మిర్లు, నీరసం ఉంటే టెస్టు చేయించుకోండి. ఇంకోటి, మాత్రలు వేసుకుంటూ, ఇన్సులిన్ తీసుకుంటూ ఒక్కసారిగా అన్నం సగానికి తగ్గిస్తే షుగర్ బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, కాబట్టి డాక్టరుగారికి చెప్పి డోసు చూపించుకున్నాకే మార్చండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ ఆకుకూరలు, పప్పులు ఎంతెంత తినాలో కూడా ఆయన్నే అడగండి.

బ్రాడీపేట అక్కా, బావగారికి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష పదిహేను రోజులకే చేయించకండి, అది దాదాపు మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుంది. రేపు తోటకూర పప్పుతో మొదలెట్టండి, మూడు నెలలయ్యాక రిపోర్టు వచ్చినరోజు నాకు మళ్లీ వాయిస్ మెసేజ్ పెట్టండి, ఎదురుచూస్తుంటాను.