జలుబు తగ్గింది, వాసన రాలేదు

శ్రోతలకు నమస్కారం. జలుబు చేసి ముక్కు దిబ్బడేస్తే నాలుగు రోజులు వాసన తెలియకపోవడం మామూలే. నేను చెప్పబోయేది అది కాదు. ముక్కు శుభ్రంగా ఉంది, గాలి బాగానే ఆడుతోంది, జ్వరం కూడా పోయింది, అయినా ఇంగువ పోపు వేస్తుంటే పొయ్యి పక్కనే నిలబడ్డా ఏమీ తెలియడం లేదు. 2020లో కరోనాతో ఈ బాధ ఇంటింటికీ తెలిసొచ్చింది గానీ, ఫ్లూ, మామూలు జలుబు వైరస్‌లు ఎప్పటినుంచో ఈ పని చేస్తూనే ఉన్నాయి.

వాసన పట్టే నాడీకణాలు ముక్కు లోపల బాగా పైన, ఒక సన్నటి పొరలో ఉంటాయి. కరోనా వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది వాటిని కాదు, వాటిని అంటిపెట్టుకుని కాపాడే సహాయక కణాలను. ఆ అండ పోయేసరికి నాడీకణాలు కూడా పని మానేస్తాయి. అదృష్టం ఏమిటంటే ఆ పొరలో కొత్త నాడీకణాలు పుడతాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగొస్తుంది, కొందరికి నెలలు పడుతుంది, కొంతమందికి పూర్తిగా రాకపోవచ్చు కూడా.

వచ్చేటప్పుడు తిన్నగా రాదు ఒక్కోసారి. కాఫీ, వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, గుడ్డు... ఇవన్నీ కుళ్లు కంపు కొడతాయి, ముద్ద నోట్లో పెట్టుకోలేరు. అలాంటి మనిషిని "తిండికి వంకలు పెడుతున్నావ్" అని దయచేసి అనకండి. వాళ్లు నిజంగానే ఆ కంపు అనుభవిస్తున్నారు. చల్లారిన అన్నం, పెరుగు లాంటివి పెట్టి చూడండి, కాస్త తినగలుగుతారు.

మందుల కంటే నేను ముందు చెప్పేది సాధన గురించి. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు వాసనలూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, 12 వారాలు. ఒక్కోదాన్ని పది సెకన్లపాటు మెల్లగా పీలుస్తూ, అది ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. తైలం ముక్కులో వేసుకోకండి, దూదికి అద్ది చూస్తే చాలు. మొదట్లో ఏమీ తెలియకపోయినా మానొద్దు, చేయనివాళ్లకంటే చేసినవాళ్లలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది.

కొన్ని వారాలైనా మార్పు లేకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి. తలకు దెబ్బ తగిలాక వాసన పోయినా, ముక్కులో ఒకవైపే తెలియకపోయినా అసలు ఆగొద్దు.

ఇంకో సంగతి, ఇది నిజంగా ప్రాణాల మీదకు వచ్చేది. వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు, లీకైతే పసిగట్టడానికే అందులో ఘాటైన రసాయనం కలుపుతారు. అది తెలియని మనిషి ఇంట్లో ఒంటరిగా ఉంటే గ్యాస్ లీకైతే మోగే అలారం పెట్టించండి, వంట కాగానే సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయండి.