స్టేషన్ పక్కన ఫ్లాట్: నీకు ఎన్ని అంకణాలు వస్తాయి?

తమ్ముడు: నమస్కారం. ఈ వారం నెల్లూరు వేదాయపాళెంలో మా అక్క ఇంట్లోనే కూర్చుని మాట్లాడుతున్నాం. మధ్యలో రైలు కూత వినిపిస్తుంది, ఏమనుకోకండి. సంగతేంటంటే, స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి వస్తోంది. ఇంకా పునాది కూడా తియ్యలేదు. ఇప్పుడే బుక్ చేస్తే అడుగుకి ఐదు వందలు తగ్గిస్తామంటున్నారు. నేనుండేది చెన్నైలో కాబట్టి అద్దెకిద్దామని నా ఆశ. అక్క వద్దంటోంది.

అక్క: కొనొద్దనలేదురా. ఇప్పుడే డబ్బు కట్టొద్దన్నాను. రెరా నంబరు, అదే ఇళ్ల ప్రాజెక్టులని రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే నంబరు, ఉందా దానికి?

తమ్ముడు: అప్లై చేశారట. వచ్చేస్తుందన్నారు.

అక్క: నలభై ఫ్లాట్లంటున్నావు. అంత పెద్దదానికి రెరా రిజిస్ట్రేషన్ రాకముందు ప్రకటన కూడా ఇవ్వకూడదు. 2016 రెరా చట్టంలోనే ఉంది. అలాంటిది అడ్వాన్సు ఎట్లా అడుగుతారు?

తమ్ముడు: నువ్వు కూడా ఇట్లాగే కొన్నావు కదక్కా?

అక్క: కొన్నాను కాబట్టే చెప్తున్నా. 36 లక్షల ఫ్లాట్‌కి ముందే 8 లక్షలు ఇచ్చేశాం, ఒక రసీదు చూసుకుని. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా పదో వంతుకి మించి తీసుకోకూడదని అప్పుడు మాకు తెలీదు. అగ్రిమెంటు 14 నెలల తర్వాత రాసిచ్చారు. ఫ్లాట్ అప్పగించే తేదీ కూడా అందులో అంత ఆలస్యంగా రాశారు. ఆలస్యానికి వడ్డీ అడుగుదామంటే లెక్క అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచే కదా. అద్దె ఒక పక్క, బ్యాంకు వడ్డీ ఒక పక్క. మీ బావ అర్ధరాత్రి లేచి కాగితాలు ముందేసుకుని కూర్చునేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

తమ్ముడు: ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే.

అక్క: అమ్మకి తెలుస్తుందని చెప్పలేదు. దానికంటే బాధ ఇంకోటుంది. బ్రోచర్‌లో ఫ్లాట్‌కి ఆరు అంకణాల స్థలం వాటా అని చూపించారు.

తమ్ముడు: వినేవాళ్లలో వేరే జిల్లాల వాళ్లుంటారు, అంకణమంటే చెప్పక్కా.

అక్క: మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. అంటే ఎనిమిది గజాలు. మూడంతస్తులన్నవాళ్లు నాలుగు కట్టారు. అదే నేలని ఎక్కువమందికి పంచేసరికి సేల్ డీడ్‌లో నా వాటా నాలుగున్నర అంకణాలకి దిగింది. పన్నెండు గజాలు పోయినట్టే కదా! ప్లాను అట్లా మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మమ్మల్ని ఎవరూ అడగలేదు. గోడలు పాతబడిపోతాయిరా, నేలకే విలువ. నీకు ఎన్ని అంకణాలు రాసిస్తారో అడిగావా?

తమ్ముడు: లేదు. లిఫ్టు, జిమ్ గురించి అడిగాను. కానీ స్టేషన్ పక్కన కదా, అద్దెకి ఢోకా ఉండదనుకున్నా.

అక్క: అద్దెకి మనుషులు దొరుకుతారు, ఆ మాట నిజమే. 2023లో విజయవాడ, చెన్నై వందే భారత్ మొదలైంది, నెల్లూరులో ఆగుతుంది. కానీ లెక్క వేసి చూడు. 50 లక్షల ఫ్లాట్‌కి నెలకి 12 వేలు వచ్చిందనుకో. ఏడాదికి లక్షా 44 వేలు. మూడు శాతం కూడా కాదు. బ్యాంకు వడ్డీ దానికి రెండింతల పైనే ఉంటుంది. పైగా కడుతుండగా కొంటే జీఎస్టీ 5 శాతం, అంటే రెండున్నర లక్షలు. కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ లేదు.

తమ్ముడు: అంటే అడుగుకి ఐదు వందలు తగ్గినా, 1,100 అడుగులకి ఐదున్నర లక్షలు. అందులో రెండున్నర జీఎస్టీకే పోతుంది.

అక్క: మిగిలిన మూడు లక్షల కోసం ఎన్నేళ్లు ఎదురుచూడాలో తెలీదు. ఇంకో సంగతి, రైల్వే హద్దుకి 30 మీటర్ల లోపలైతే అభ్యంతరం లేదని రైల్వే వాళ్లిచ్చే ఎన్‌ఓసీ ఉందేమో చూడాలి. పల్లం కూడా చూసుకో. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర పట్టాల కింది మట్టికట్ట కొట్టుకుపోయింది. వాన పడిన రోజు వెళ్లి చూడు, దారిలో అండర్ బ్రిడ్జి ఉంటే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయేమో చూడు.

తమ్ముడు: రేపు పదింటికి ఆఫీసుకి రమ్మన్నారు అక్కా.

అక్క: నేనూ వస్తా. స్థలం ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు, దాని మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ, ప్లాన్ అప్రూవల్ కాపీలు అడుగుదాం. స్థల యజమానికి, బిల్డర్‌కి మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు రిజిస్టర్ అయిందో లేదో కూడా కనుక్కుందాం. ఏ ఫ్లాట్లు ఎవరి వాటాకి వస్తాయో అందులోనే ఉంటుంది. నీ చెక్కు బుక్కు మాత్రం ఇక్కడే బీరువాలో పెట్టి రా.

తమ్ముడు: సరే అక్కా. పెట్టేస్తా.