ఫిన్లాండులో కుక్క అంటే పువ్వు

నమస్కారమండీ. హెల్సింకిని ఆనుకునే ఉన్న ఎస్పో నగరం నుంచి ఈ వారం వ్లాగు. ఉదయం ఎనిమిది కావస్తున్నా ఇంకా తెల్లవారలేదు. బూట్లకు అంటిన మంచు దులుపుకుని, మా అమ్మాయిని డే కేర్‌లో దిగబెట్టడానికి వచ్చాను. లోపల పిల్లలుంటారు కాబట్టి కెమెరా తీయను. కోట్లు తగిలించే కొక్కేల మీద రాసిన పేర్లు మాత్రం చదివి వినిపిస్తాను. లుమి, పిల్వి, తూలి, ఒన్ని, తొయ్‌వొ, ఐనొ.

వచ్చిన కొత్తలో ఇవి నాకు వట్టి శబ్దాలే. ఫిన్నిష్ తరగతులకు వెళ్లడం మొదలుపెట్టాక ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. లుమి అంటే మంచు, పిల్వి అంటే మేఘం, తూలి గాలి, ఒన్ని అదృష్టం, తొయ్‌వొ ఆశ. మనకూ హిమజ, మేఘన, సమీర ఉన్నారు కదా అనుకుంటాం గానీ, మనం పేరు పెట్టేటప్పుడు సంస్కృతం వైపు చూస్తాం. వీళ్లు వాతావరణ వార్తల్లో రోజూ వినే మాటనే పిల్లకు పెట్టేస్తారు. మనం బిడ్డకు ‘మబ్బు’ అని పేరు పెట్టి బడికి పంపినట్టన్నమాట. హెల్మి అనే పేరు వింటే మాత్రం నాకు ఊరే గుర్తొస్తుంది, ఎందుకంటే హెల్మి అంటే ముత్యం, మా వీధిలో ముత్యాలమ్మలు ముగ్గురు.

పలకడంలో మనకున్న సౌకర్యం ఇంగ్లీషువాళ్లకు లేదు. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మన భాషలోలాగే ఇక్కడా అర్థాన్ని మార్చేస్తాయి. అయినా నేను ఒకరోజు తొందరలో తూలిని ‘తులి’ అని పిలిచాను. తులి అంటే నిప్పు. ఆ నాలుగేళ్ల పిల్ల నడుము మీద చెయ్యి వేసుకుని, దీర్ఘం తీసి మరీ నన్ను సరిదిద్దింది. ఇక పువ్వును ఫిన్నిష్‌లో ‘కుక్క’ అంటారు, కుక్క-మారియా అనే పేరు కూడా ఉంది. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ కాసేపు ఆగి, "అదేం పేరే, ఆ తల్లికి ఇంకేమీ దొరకలేదా?" అంది.

ఈ ఇంటి మాటల పేర్లలో చాలావాటి వయసు నూటయాభై ఏళ్లకు అటూఇటూ మాత్రమే. 1809 వరకు ఫిన్లాండు స్వీడన్ ఏలుబడిలో ఉంది, ఆ తర్వాత 1917 దాకా రష్యా చక్రవర్తి కింద ఉంది. ఇంట్లో హెయ్‌క్కి అని పిలిచే పిల్లవాడిని చర్చి పుస్తకంలో స్వీడిష్ పద్ధతిలో హెన్రిక్ అని రాసేవారు. 19వ శతాబ్దంలో సొంత భాష మీద పట్టుదల పెరిగాక చదువుకున్న కుటుంబాలు ఫిన్నిష్ మాటలనే పేర్లుగా పెట్టడం మొదలుపెట్టాయి: రౌహ అంటే శాంతి, లహ్య అంటే కానుక, ఉర్హొ అంటే వీరుడు. 1956 నుంచి పాతికేళ్లకు పైగా అధ్యక్షుడిగా ఉన్న ఉర్హొ కెక్కొనెన్ పేరులోని ఉర్హొ ఇదే.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఐనొ కథ. ఎలియాస్ లొన్‌రోత్ అనే వైద్యుడు పల్లెపల్లె తిరిగి జానపద గేయాలు సేకరించి, 1835లో ‘కలెవల’ కావ్యంగా కూర్చి, 1849లో దానిని పెంచి మళ్లీ వెలువరించాడు. ఆ గేయాల్లో ‘ఐనొ’ పేరు కాదు, ఒక్కగానొక్క కూతురు అని చెప్పే విశేషణం. లొన్‌రోత్ దానిని పాత్ర పేరుగా మార్చాడు. ముసలి వైనమొయ్‌నెన్‌ను పెళ్లాడడం ఇష్టంలేక ఐనొ నీళ్లలో కలిసిపోతుంది. అంత విషాదం ఉన్నా తల్లిదండ్రులు ఆ పేరును ఈనాటికీ ముద్దుగా పెట్టుకుంటున్నారు. సీత పేరు పెడితే కష్టాలొస్తాయని వెనకాడే మా పెద్దమ్మకు ఈ ధైర్యం చూపించాలి.

క్రైస్తవ పేర్లది మరో దారి. పాత ఫిన్నిష్ నోటికి మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం గిట్టదు, అందుకే స్తెఫానుస్ కాస్తా తపని అయ్యాడు, మన పల్లెలో స్టేషను టేసనైనట్టే. బిర్గిత్త అనే ఒక్క పేరే పిర్క్కొ, పిర్యొ, రీత్త అని మూడు నాలుగు ఆకారాలు దాల్చింది. యొహన్నెస్ సంతతిని లెక్కపెట్టడమే కష్టం: యుహని, యుహ, యుక్క, యుస్సి, హన్ను అందరూ అతనే. మర్య అనే పేరులో రెండు దారులూ కలుస్తాయి, అది మరియ పేరుకు రూపం కూడా, అడవిలో కోసుకునే చిరుపండు కూడా.

ఇక్కడి క్యాలెండరులో చాలా పేర్లకు ఒక్కో రోజు ఉంటుంది, ఆ పేరున్నవాళ్లకు అది పండుగ రోజు. ఆ జాబితాను హెల్సింకి విశ్వవిద్యాలయపు పంచాంగ కార్యాలయం చూసుకుంటుంది. ఐనొది మే 10. జూలై 18 నుంచి 24 వరకు వరుసగా ఆడవాళ్ల పేర్లే రావడంతో దానిని ఆడవాళ్ల వారం అంటారు, ఆ వారం వాన తప్పదని కూడా అంటారు. ఎవరన్నారో గానీ, మగవాళ్లే అయ్యుంటారు!

మా అమ్మాయి వెన్నెలకు మాత్రం ఆ క్యాలెండరులో రోజు లేదు. అర్థమేమిటని టీచరు అడిగితే ‘కూతమొ’ అని చెప్పాను, వెన్నెలకు ఫిన్నిష్ మాట అదే. ఇంటికి వెళ్లాక మా ఫ్రిజ్ మీది క్యాలెండరులో వచ్చే పౌర్ణమి గడి వెతికి, పెన్నుతో తన పేరు తనే రాసుకుంది. వచ్చే ఏడు ఆ పౌర్ణమి మరో తేదీన వస్తుందని ఇంకా చెప్పలేదు.