ఈ పేరు చెల్లుతుందా? ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ఎక్స్‌ఎమ్‌ఎల్ పేర్ల తనిఖీ

అందరికీ నమస్కారం.

సమాచారాన్ని ట్యాగ్‌ల మధ్య రాసే పద్ధతి ఎక్స్‌ఎమ్‌ఎల్, దాన్ని మరో రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. స్ప్రెడ్‌షీట్‌లోని కాలమ్ శీర్షికలనే ఎలిమెంట్ (ట్యాగ్) పేర్లుగా పెట్టమని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ‘ఇంటి పేరు’లో స్పేస్ ఉంది, ‘2024 అమ్మకాలు’ అంకెతో మొదలైంది. వీటిని ఉన్నవి ఉన్నట్టు ఎలిమెంట్ పేరుగా ఇస్తే ప్రాసెసర్ (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపే ప్రోగ్రామ్) మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అందుకే ముందే పరీక్షించాలి.

నియమం చిన్నదే. అంకె, హైఫన్, చుక్క పేరు లోపల ఉండొచ్చు, మొదట రాకూడదు. కోలన్ నేమ్‌స్పేస్ ప్రిఫిక్స్‌కి (పేరు ఏ పదజాలానిదో చెప్పే ముందు ముక్కకి) పోయింది కాబట్టి మనకు కావలసింది కోలన్ లేని పేరు, అంటే ఎన్‌సీనేమ్.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో రెగెక్స్ (స్ట్రింగ్‌ను ఒక నమూనాతో పోల్చే పద్ధతి) లేదు. అనుమతించే అక్షరాలన్నీ రాసుకుని, ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో తీసేసి, ఏమైనా మిగిలిందా అని చూసేవాళ్లు. ఆ జాబితాలో ఇంగ్లీషు అక్షరాలే ఉంటే తెలుగు పేరు గుమ్మంలోనే ఆగిపోయేది.

2.0తో రెండు దారులు వచ్చాయి. మొదటిది ‘క్యాస్టబుల్ యాజ్ ఎన్‌సీనేమ్’, అంటే ఈ స్ట్రింగ్‌ని ఎన్‌సీనేమ్ టైపుగా మార్చగలమా అని అడగడం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ 2.0 బేసిక్ ప్రాసెసర్లకు (స్కీమా సదుపాయం లేనివాటికి) ఆ టైపే ఉండనక్కర్లేదు, 3.0లోనే అందరికీ దక్కింది. పైగా అది అటూ ఇటూ ఉన్న స్పేస్‌లను కత్తిరించి చూస్తుంది. స్పేస్‌తో మొదలైన స్ట్రింగ్‌కీ ‘సరే’ అంటుంది, మీ చేతిలో మాత్రం ఆ స్పేస్ అలాగే ఉంటుంది.

అందుకే నా ఓటు రెండోదైన మ్యాచెస్‌కి, అంటే రెగెక్స్‌తో పోల్చే ఫంక్షన్‌కి. మొదటి అక్షరానికి బ్యాక్‌స్లాష్ ఐ (పేరు మొదట రాగల అక్షరం), మిగతావాటికి బ్యాక్‌స్లాష్ సీ (పేరు లోపల రాగల అక్షరం), రెండింటిలోంచీ కోలన్ మినహాయింపు. ముందు క్యారెట్ (స్ట్రింగ్ మొదలు), చివర డాలర్ (స్ట్రింగ్ ముగింపు) గుర్తులు తప్పనిసరి. లేకపోతే ఎక్కడో ఒక ముక్క కుదిరినా చాలు, అవునంటుంది.

ఇక అసలు తిరకాసు ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణపు ఎడిషన్లది. ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 నాలుగో ఎడిషన్ వరకు అక్షరాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఒప్పుకున్నారు. 2008 నాటి ఐదో ఎడిషన్ తలుపులు బార్లా తెరిచింది. తెలుగు యూనికోడ్ బ్లాక్ మొత్తం పేరు మొదట్లో రావచ్చు. ‘1’తో మొదలైతే చెల్లదు, ‘౧’తో మొదలైతే చెల్లుతుంది! ‘సాఫ్ట్‌వేర్’లో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉంటే పాత నియమం కాదంటుంది, కొత్తది అవునంటుంది. మీ ప్రాసెసర్ ఏ ఎడిషన్‌ని పాటిస్తోందో ‘౧’తో మొదలయ్యే పేరు, ‘సాఫ్ట్‌వేర్’ అనే ఈ రెండు స్ట్రింగ్‌లు ఇచ్చి చూడండి, తెలిసిపోతుంది.

పరీక్షలో తప్పినవాటిని ఏం చేయాలి? చాలామంది చెల్లని ప్రతి అక్షరాన్నీ అండర్‌స్కోర్‌గా మార్చేస్తారు. అప్పుడు ‘ధర/కిలో’, ‘ధర కిలో’ రెండూ ఒకే పేరైపోతాయి. నేనైతే ఎలిమెంట్‌కి ‘కాలమ్’ అని స్థిరమైన పేరు పెట్టి, అసలు శీర్షికను అట్రిబ్యూట్ విలువలో ఉంచుతాను. అక్కడ స్పేస్‌కీ, అంకెకీ అడ్డు చెప్పేవాళ్లు లేరు.