కళ్ల వేడి మాస్కు: వేడికి దండం, పట్టీకి తిట్లు

నమస్తే. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వేడి మాస్కును కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. ధర, బరువు, రంగుల జోలికి పోను.

రోజంతా వీడియోలు ఎడిట్ చేయడం నా పని. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, ఆ వెంటనే ధారగా నీళ్లు. ఇవి పొడికళ్లు, అంటే కళ్లు తడారిపోయే జబ్బు అన్నారు డాక్టరు. ఇన్ని నీళ్లు కారుతుంటే పొడికళ్లు ఎలా అవుతాయని ఆయనతో వాదించాను. ఆయన కంట్లో రంగు వేసి, రెప్ప వేయకుండా చూడమన్నారు. నాలుగు సెకన్లకే కన్నీటి పొర చిట్లింది. పది సెకన్లయినా నిలవాలట. తర్వాత కింది రెప్పలో సన్నని కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. 14 మిల్లీమీటర్లు తడిసింది. అంటే నీళ్లకు కొరత లేదు, లోటంతా నూనెది!

రెప్పల అంచున మైబోమియన్ గ్రంథులు ఉంటాయి. అవి వదిలే నూనె కన్నీటిని ఆరిపోకుండా కాపాడుతుంది. నా గ్రంథుల్లో ఆ నూనె చలికాలపు నెయ్యిలా పేరుకుపోయింది. కన్నీరు ఆవిరైపోతే మంట, ఆ మంటకు మళ్లీ నీళ్లు. మన ఎండలు, ఫ్యాను గాలి దీనికి తోడు. తెర ముందు కూర్చుంటే రెప్ప వేయడం కూడా మరచిపోతాం.

పేరుకున్న నెయ్యికి సెగ కావాలి. అమ్మ వేడినీళ్లలో ముంచిన బట్ట పెట్టేది. రెండు నిమిషాలకే చల్లారేది. ఈ మాస్కు పది నిమిషాలు ఒకే తీరుగా వెచ్చగా ఉంది. ఇది నాకు చాలా నచ్చింది. 40 డిగ్రీల దగ్గర వేడి చాలు. అన్నిటికంటే ఎక్కువ వేడినిచ్చే మూడో మీట జోలికి పోకండి, రెప్ప చర్మం పలుచన. మాస్కు తీశాక శుభ్రమైన వేలితో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరాలి. కనుగుడ్డు మీద ఒత్తకూడదు.

ఇక మాస్కును తలకు కట్టే పట్టీ. దీన్ని తయారుచేసినవాళ్లు ఒక్కసారైనా తలకు కట్టుకుని పడుకున్నారా? వెల్క్రో బిళ్ల సరిగ్గా తల వెనక, దిండు ఆనే చోట గుచ్చుకుంటుంది. పెట్టె మీది బొమ్మలో అమ్మాయి హాయిగా పడుకుని నవ్వుతోంది. ఆమె తల కింద దిండే లేదు! విప్పితే నాలుగు వెంట్రుకలు ఊడొస్తాయి. ఆ చర్రుమనే చప్పుడుకు నిద్రపోతున్న మా అబ్బాయి లేచి కూర్చున్నాడు.

అంతకుముందు నేను చేసిన తప్పు, ఎరుపు తగ్గించే చుక్కలు కొనడం. ఎరుపు పోయినట్టే పోయి, మానేయగానే రెట్టింపై వచ్చింది. ఇప్పుడు డాక్టరు రాసిన, కంటిని తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు వాడుతున్నాను. రోజుకు నాలుగుసార్లు మించితే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే పదార్థం) లేనివి తీసుకోవాలి. స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొనకండి, కంటి లోపలి ఒత్తిడి పెరగవచ్చు.

మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మా బావ తనకూ ఈ మాస్కు కావాలన్నాడు. ఆ మిల్లు దుమ్ములో నీకు ముందు కావలసింది పక్కలు మూసిన కళ్లద్దాలు బావా అన్నాను. అలిగాడు.

మూడు వారాల్లో నా గరగర సగం తగ్గింది. పట్టీ మారిస్తే సొంత డబ్బు పెట్టి కొంటాను. ప్రస్తుతానికి దాన్ని కత్తిరించేసి, గడియారం సెంటర్ దగ్గర దర్జీతో అమ్మ పాత నూలుచీర అంచు కుట్టించుకున్నాను. కంపెనీవాళ్లు మాస్కు తిరిగి అడిగితే, ఆ అంచు విప్పుకున్నాకే ఇస్తాను.