ఉప్పునీళ్లకు చచ్చిన చెట్లు, మాడిసన్ స్క్వేర్‌లో

హోస్ట్: పోయిన అడవిని బొమ్మగా గీసేవాళ్లున్నారు. అమెరికా కళాకారిణి మాయా లిన్ చచ్చిన చెట్లనే తెచ్చి నిలబెట్టారు. ఎందుకంటారండీ?

అతిథి: ఆవిడకి స్మారకాలు కొత్త కాదు. వాషింగ్టన్‌లో 1982 నాటి వియత్నాం యుద్ధ స్మారకం ఆవిడ డిజైనే. అక్కడ నల్లరాతి మీద చనిపోయిన సైనికుల పేర్లు చెక్కించారు. 2021లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ పార్కులో పెట్టిన ‘ఘోస్ట్ ఫారెస్ట్’ (దెయ్యపు అడవి) అనే ప్రదర్శనకి రాయీ లేదు, పేర్లూ లేవు. న్యూజెర్సీ పైన్ బారెన్స్ అడవుల నుంచి 49 వైట్ సీడర్ చెట్ల మోడులు తెప్పించి పచ్చిక మధ్య పాతించారు, అంతే. ఒక్కొక్కటి సుమారు 40 అడుగులు. మే నుంచి నవంబర్ దాకా ఉంచారు. ఎండాకాలమంతా చుట్టూ పార్కు చెట్లు పచ్చగా కళకళలాడుతుంటే, మధ్యలో ఇవి ఆకన్నది లేకుండా బూడిదరంగులో! జనం వాటి మధ్యే కూర్చునేవారు.

హోస్ట్: అవెలా చచ్చిపోయాయి?

అతిథి: ఉప్పునీళ్ల వల్ల. సముద్రమట్టం పెరిగి, తుఫాన్లకి ఉప్పునీరు లోపలికి తోసుకొచ్చి వేళ్లని చంపేసింది. మన కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ పక్క తోటలు చూశారుగా? అక్కడా సముద్రపు నీరు డ్రెయిన్‌లోకి ఎక్కే కొబ్బరి దెబ్బతింది. మొవ్వు ఎండి, తల రాలిపోయి, చెట్టు స్తంభంలా మిగిలిపోతుంది.

హోస్ట్: చూశానండి. కానీ మోడులు చూపించి బాధపెడితే ఏం ఒరుగుతుంది?

అతిథి: ఆవిడ అక్కడితో ఆగలేదండీ. నగరంలో వెయ్యి దేశవాళీ చెట్లు, పొదలు నాటించారు. ఆ పార్కున్న మాన్‌హట్టన్‌లో ఒకప్పుడు తిరిగిన జంతువుల, పక్షుల గొంతులు ఫోన్‌లో వినేలా పెట్టారు. ప్రదర్శన అయ్యాక ఆ కలపతో న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ ప్రాంతపు కుర్రాళ్లు పడవలు కట్టారు. నిజమే, నగరంలో మొక్కలు నాటితే పైన్ బారెన్స్ నేలలో ఉప్పు తగ్గదు. ఆ బాధ్యత ప్రభుత్వాలది. కానీ ఏం పోతోందో కళ్లారా చూడందే జనం వాళ్లని గట్టిగా నిలదియ్యరు.

హోస్ట్: కోనసీమలో మోడులు కళ్లముందే ఉన్నాయి కదా?

అతిథి: రైతు కళ్లముందు ఉన్నాయి. హైదరాబాద్‌లో గుడి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లకి వాటి సంగతే తెలీదు. రైతులు ఒప్పుకుంటే నాలుగు మోడులు తీసుకెళ్లి ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టాలని నాకుంది. ఆ చెట్టు ఎవరు నాటారో, ఎన్నేళ్లు కాసిందో, ఆ డబ్బుతో ఇంట్లో ఏమేం జరిగాయో పక్కనే ఆ రైతు గొంతులోనే వినిపించాలి.